ఎ.ఆర్. కేన్ పాటలు: ఆల్బమ్ ముందా, సింగిల్స్ ముందా?

ప్రశ్న: 1987లో బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన ‘పంప్ అప్ ద వాల్యూమ్’ వెనుక ఎ.ఆర్. కేన్ అనే ద్వయం ఉందని తెలిసి, వారి ‘కంప్లీట్ సింగిల్స్ కలెక్షన్’ (ఆల్బమ్‌గా కాక విడి రికార్డులుగా వచ్చిన పాటల సంకలనం) విన్నాను. ఆ హుషారైన డాన్స్ పాటకూ, వీరి తొలి పాటలకూ పొంతన కుదరలేదు. ఆల్బమ్‌లు ఉండగా సింగిల్స్ సంకలనంతో మొదలుపెట్టి పొరపాటు చేశానా?
— ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: పొంతన కుదరకపోవడం మీ చెవి దోషం కాదు. ఆ పాటలో వీరి పాలు చాలా తక్కువ. ఫోర్ ఎ.డి. అనే రికార్డుల సంస్థ అధిపతి ఐవో వాట్స్-రసెల్ సలహా మీద ఎ.ఆర్. కేన్, కలర్‌బాక్స్ బృందాలు ‘మార్స్’ అనే ఉమ్మడి పేరుతో స్టూడియోకు వెళ్లాయి గానీ, ఇరుపక్షాలకూ పొసగలేదు. రికార్డుకు ఒక వైపున్న ‘పంప్ అప్ ద వాల్యూమ్’ ప్రధానంగా కలర్‌బాక్స్ సోదరులది, రెండో వైపున్న ‘అనిటినా’ ప్రధానంగా ఎ.ఆర్. కేన్‌ది. అంటే ఆ రికార్డు కొన్నవారిలో దాన్ని తిరగేసి విన్నవారికే వీరి అసలు గొంతు వినిపించింది.

తూర్పు లండన్‌కు చెందిన అలెక్స్ అయూలీ, రూడీ టంబాలా 1986లో ‘వెన్ యూ ఆర్ శాడ్’ అనే సింగిల్‌తో మొదలుపెట్టారు. తియ్యని బాణీని గిటార్ ఫీడ్‌బ్యాక్ (స్పీకర్ మోత తిరిగి గిటార్‌లోకి చేరి పుట్టే హోరు) రొదలో ముంచిన ఆ పాట విని, పత్రికలు వారిని ‘నల్లజాతి జీసస్ అండ్ మేరీ చైన్’ అని, అలాంటి రొదకే పేరుపడ్డ తెల్లవారి బృందం పేరుతో పిలిచాయి. నల్లవారు గిటార్ మోత చేస్తే మరొకరి నకలే అనుకునే ఆనాటి బద్ధకపు అలవాటు ఇది. మరుసటి ఏడాది వచ్చిన ‘లొలీటా’ ఇ.పి.ని (మూడు నాలుగు పాటల చిన్న రికార్డు) కాక్టో ట్విన్స్ బృందపు గిటారిస్టు రాబిన్ గత్రీ తీర్చిదిద్దారు. ఈ సంగీతానికి ‘డ్రీమ్ పాప్’ అనే మాటను అయూలీయే వాడుకలోకి తెచ్చారని చెబుతారు.

పొరపాటు చేశారా అంటే, లేదనే అంటాను. మన సినిమా పాటలు నాలుగేసి చొప్పున ఇ.పి. రికార్డుల మీద వచ్చిన రోజులు గుర్తున్నవారికి ఈ సంగతి సులువుగా తెలుస్తుంది: మూడు నాలుగు పాటల పరిధిలో ఒక ఊహను తెగే దాకా లాగవచ్చు. పైగా అక్కడి పన్నెండు అంగుళాల సింగిల్‌కు జాగా ఎక్కువ, గాడులు ఎడంగా ఉంటాయి, కాబట్టి బేస్‌ను గట్టిగా నింపవచ్చు. 1988 నాటి ‘అప్ హోమ్’ ఇ.పి.లో ‘బేబీ మిల్క్ స్నాచర్’ వినండి. బేస్ గిటార్ జమైకా ‘డబ్’ పద్ధతిలో (బేస్‌ను, డ్రమ్స్‌ను ముందుకు తెచ్చి ప్రతిధ్వనులు జోడించే పద్ధతి) నింపాదిగా నడుస్తుంటే, గిటార్ చప్పుడు ప్రతిధ్వనిగా కరిగిపోతూ, పాట ఎక్కడ ఆగిందో, అనునాదం ఎక్కడ మొదలైందో తెలియనివ్వదు. ఆ పేరులో ఒక చురక కూడా ఉంది. 1970ల ఆరంభంలో విద్యామంత్రిగా ఏడేళ్లు దాటిన బడిపిల్లలకు ఉచిత పాలు ఆపించిన మార్గరెట్ థాచర్‌కు జనం పెట్టిన పేరు ‘మిల్క్ స్నాచర్’, అంటే పాలు లాక్కునే మనిషి. పాట విడుదలైన నాటికి ఆవిడ ప్రధానమంత్రి.

అయితే సింగిల్స్‌ను కలగలిపి వినకండి, వెలువడిన వరుసలోనే వినండి. రొద క్రమంగా పలచబడి, డబ్ లోతు పెరిగి, చివరికి ‘ఎ లవ్ ఫ్రమ్ ఔటర్ స్పేస్’ దగ్గర తేలికైన నృత్య సంగీతంగా మారడం అప్పుడే తెలుస్తుంది. ‘పంప్ అప్ ద వాల్యూమ్’కు మీరు వెతికిన బంధువు ఏదైనా ఉంటే అది ఈ పాటే. డి.జె. ఆండ్రూ వెదరాల్ తన క్లబ్ రాత్రులకు దీని పేరే పెట్టుకున్నారు. ఆ తర్వాత 1988 నాటి ‘69’ ఆల్బమ్‌కు వెళ్లండి. మరుసటి ఏటి ‘ఐ’ మీద మాత్రం నాకు కాస్త ఫిర్యాదు ఉంది: ఇరవై ఆరు ముక్కలున్న ఆ రెండు రికార్డుల ఆల్బమ్‌లో మంచి పాటల మధ్య చిల్లర తుంపులు ఎక్కువ, వాటిని దాటుకుంటూ విన్నా తప్పులేదు.