పోలీసుల కంటే ముందు ఆ అమ్మాయికే ఎందుకు తెలుస్తుంది?

ప్రశ్న: మేడమ్, మా అమ్మాయి ఇంటర్ ఫస్టియర్. ఆర్నెల్లుగా ఇంగ్లీషులో వచ్చే టీనేజ్ మిస్టరీ నవలలు తెగ చదువుతోంది. మొన్న ఒకటి తిరగేస్తే అన్నీ హత్యలు, అనుమానాలు. రాత్రి పన్నెండయినా లైటు ఆరదు, అదే ఫిజిక్స్ పుస్తకం పట్టుకుంటే పది నిమిషాల్లో ఆవలింతలు. వాటిలో అంత ఏముంది? మాన్పించమంటారా?
ఒక తల్లి, హనుమకొండ

జవాబు: మాన్పించకండమ్మా. నిద్ర దగ్గర మాత్రం గట్టిగా ఉండండి, పదకొండుకి లైటు తీసేయాల్సిందే.

మీరు తిరగేసింది ఏదో రాయలేదు కాబట్టి నాకు బాగా తెలిసిన ఒకటి చెప్తాను. హాలీ జాక్సన్ నవల 'ఎ గుడ్ గర్ల్స్ గైడ్ టు మర్డర్', 2019లో వచ్చింది. ఇంగ్లండ్‌లో ఒక చిన్న ఊరు. ఐదేళ్ల కిందట ఒక స్కూలమ్మాయి మాయమైంది, ఆమె బాయ్‌ఫ్రెండే చంపేసి తనూ చచ్చిపోయాడని పోలీసులు ఫైలు మూసేశారు. ఆ కుర్రాడు భారతీయ మూలాలున్న సింగ్ కుటుంబం వాడు, ఆ ఇంటి వాళ్లని ఊరు ఇప్పటికీ దోషుల్లాగే చూస్తుంది. పిప్ అనే పదిహేడేళ్ల అమ్మాయికి మాత్రం అది నమ్మబుద్ధి కాదు, స్కూల్ ప్రాజెక్టు పేరుతో కేసు మళ్లీ తవ్వుతుంది.

అసలు పట్టు హత్యలో లేదు. ఆ వయసు పిల్ల మాటకి మన ఇళ్లలో ఎంత విలువిస్తామో ఒకసారి చూడండి. "ఆయన నాకెందుకో నచ్చలేదు" అంటే "పెద్దవాళ్లని అలా అనకూడదు" అని నోరు మూయించేస్తాం. ఈ నవలల్లో అదే పిల్ల అనుమానాన్ని పుస్తకం మొత్తం సీరియస్‌గా తీసుకుంటుంది, పైగా అనుమానం ఒక్కటే చాలదనీ చెప్తుంది: పిప్ ఇంటింటికీ వెళ్లి అడగాలి, ఎవరు ఏ టైముకి ఎక్కడున్నారో లెక్క చూసుకోవాలి, తను అనుకున్నది తప్పని తేలితే ఆ పేరు కొట్టేసి మళ్లీ మొదలుపెట్టాలి. ఆమె రాసుకున్న నోట్సు, ఇంటర్వ్యూలు, అనుమానితుల జాబితా అన్నీ పేజీల్లో ఉన్నవి ఉన్నట్టే కనిపిస్తాయి. అంటే పిప్ ముందున్న ఫైలే మీ అమ్మాయి ముందూ ఉంటుంది. ఇక లైటు ఎలా ఆరుతుంది చెప్పండి!

నాకు పద్నాలుగేళ్లప్పుడు అద్దె పుస్తకాల షాపు నుంచి కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవల ఒకటి తెచ్చుకున్నాం, తీరా చూస్తే ఆఖరి ఎనిమిది పేజీలు లేవు. హంతకుడెవరో తేల్చడానికి నేనూ అన్నయ్యా వారం రోజులు వాదించుకున్నాం, ఒక్కో ఆధారం కోసం వెనక్కి తిప్పి తిప్పి చదివాం. రెండేళ్ల తర్వాత ఇంకో ఊళ్లో అదే నవల దొరికితే ఇద్దరిదీ తప్పే. చదివింది గుర్తుపెట్టుకోవడం, ఎదుటివాళ్ల వాదన వినడం నాకు అలవాటైంది ఆ వారంలోనే.

అందుకని మీరూ ఒక పని చేయండి. పుస్తకం సగంలో ఉండగా "ఎవరు చేశారనుకుంటున్నావు? ఎందుకు?" అని అడగండి. ఒక్క జాగ్రత్త: నేను చెప్పిన నవలలో డ్రగ్స్, లైంగిక దాడి ప్రస్తావన ఉన్నాయి. పదకొండేళ్ల పిల్లకైతే ఇవ్వొద్దంటాను. మీ అమ్మాయి వయసుకి పర్వాలేదు, కాకపోతే మీరూ చదివి వాటి గురించి ఆమెతో మాట్లాడండి.

ప్రశ్న: అమ్మ చిన్నప్పుడు నాన్సీ డ్రూ అనే టీనేజ్ అమ్మాయి డిటెక్టివ్‌గా ఉండే పుస్తకాలు చదివిందట. వాటి రచయిత్రి కరోలిన్ కీన్ గురించి చెప్తారా?
ఇంజినీరింగ్ విద్యార్థిని, విజయవాడ

జవాబు: అలాంటి మనిషి లేదు తల్లీ! అది అట్ట మీద వేయడానికి పెట్టిన పేరు. ఎడ్వర్డ్ స్ట్రాటెమేయర్ అనే అమెరికన్ కథకి ప్లాన్ ఇచ్చి వేరేవాళ్లతో రాయించేవాడు. 1930లో వచ్చిన మొదటి నాన్సీ డ్రూ నవల రాసింది మిల్‌డ్రెడ్ వర్ట్ బెన్సన్. మొదటి 30 పుస్తకాల్లో 23 ఆవిడవే. మొదట్లో పుస్తకానికి 125 డాలర్లు ఇచ్చారు, హక్కులు లేవు, పేరు బయటపెట్టకూడదు. 1980లో ప్రచురణకర్తల మధ్య కోర్టు కేసు నడిచినప్పుడు ఆవిడ సాక్ష్యం చెప్పాక గానీ సంగతి బయటికి రాలేదు. అన్ని మిస్టరీలు రాసిన మనిషి తనే యాభై ఏళ్లు మిస్టరీగా ఉండిపోవడం నాకు చాలా బాధగా అనిపిస్తుంది. 1959 నుంచి ఆ పాత పుస్తకాల్ని కుదించి తిరగరాశారు, జాతుల్ని కించపరిచే భాగాలు తీసేశారు, అది మంచి పనే. కానీ నాన్సీ దూకుడు కూడా కొంత తగ్గించేశారు, అది నాకు నచ్చలేదు. అమెరికా సుప్రీంకోర్టు జడ్జి సోనియా సొటొమయోర్ చిన్నప్పుడు నాన్సీని చదివి డిటెక్టివ్ అవుదామనుకున్నారు, చక్కెర వ్యాధి ఉందని అది కుదరదన్నాక చూపు న్యాయశాస్త్రం వైపు తిరిగింది.

ప్రశ్న: తెలుగులో ఇలాంటి నవల రాయాలని ఉంది. కానీ రాత్రి ఎనిమిది దాటితే గడప దాటనివ్వని ఇళ్లలో పిల్లలు కేసులు ఛేదించారంటే ఎవరైనా నమ్ముతారా?
ఒక పాఠకురాలు, కాకినాడ

జవాబు: నమ్ముతారు, ఆ గడపనే కథలో పెట్టండి. బెంగాలీలో సత్యజిత్ రే 1965లో 'సందేశ్' అనే పిల్లల పత్రికలో డిటెక్టివ్ ఫెలూదా కథలు మొదలుపెట్టినప్పుడు, కథ చెప్పే పని డిటెక్టివ్ వెంట తిరిగే కుర్రాడు తోప్షేకి ఇచ్చాడు. మన డిటెక్టివ్ నవలల్లో ఆ వయసు పిల్లల చేతికి కేసు దొరకడం తక్కువ, అందుకే మీరు రాయాలి. బయటికి వెళ్లలేని పిల్లకి తెలిసేవి చాలా ఉంటాయి. కింద వాచ్‌మన్ రిజిస్టర్‌లో ఎవరి సంతకం మారింది, పాలవాడు ఏ ఇంటి ముందు రెండ్రోజులుగా ప్యాకెట్లు అలాగే పడి ఉండటం చూస్తున్నాడు, ఊరెళ్లానని చెప్పిన పై ఫ్లాట్ అంకుల్ పెళ్లి వీడియోలో వెనక వరసలో ఎందుకున్నాడు... ఆ వీడియో దగ్గర మొదలుపెట్టండి.