ప్రామ్ రాత్రికి 1,500 డాలర్లా?

ప్రశ్న: మేము టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటాం. మా అమ్మాయి పన్నెండో తరగతి చదువుతోంది. మే నెలలో వాళ్ల స్కూల్లో ప్రామ్, అంటే స్కూలు చదువు ముగిసేముందు పిల్లలకు పెట్టే డాన్స్ పార్టీ. గౌను 600, దాన్ని ఒంటికి సరిచేయించడానికి 120, చెప్పులు, నగలు 130, జడ, మేకప్ 180, లిమోజీన్‌లో తన వాటా 140, టికెట్ 110, భోజనం 80, తర్వాతి పార్టీకి 140, మొత్తం 1,500 డాలర్లని కాగితం మీద రాసి ఇచ్చింది. ఆగస్టులో కాలేజీ ఫీజు కట్టాలి. మావారు వద్దే వద్దంటున్నారు. పిల్ల ఏడుస్తోంది. క్రెడిట్ కార్డు మీద కానిచ్చేద్దామా?

జవాబు: కార్డు మాత్రం తీయకండి. 1,500 డాలర్లను 22 శాతం వడ్డీతో నెలకు 50 చొప్పున తీరిస్తే 44 నెలలు పడుతుంది. వడ్డీయే దాదాపు 700. మీ అమ్మాయి కాలేజీ చివరి సంవత్సరానికి వచ్చాక కూడా ఒక్క రాత్రి వేసుకున్న గౌనుకు మీరు డబ్బు కడుతూనే ఉంటారు.

అలాగని మీవారి మాటా సరికాదు. మన ఇంటర్ వీడ్కోలు సభలకు అక్క పట్టుచీరో, అమ్మ పట్టుచీరో కట్టుకుని వెళ్లాం. రూపాయి ఖర్చు కాలేదు కాబట్టి ఇదంతా ఆయనకు దుబారాగా కనిపిస్తుంది. కానీ మీ పాప స్నేహితులంతా ఆగస్టుకల్లా తలో ఊరూ వెళ్లిపోతారు. ఆ రాత్రి ఆమెకు దక్కాలి. తేల్చుకోవలసింది ఎంతలో అన్నదొక్కటే.

ఆమె లెక్క రాసి ఇచ్చింది చూశారా, అది నాకు ఎంతో నచ్చింది. ఆ కాగితాన్నే ముందు పెట్టుకుని ముగ్గురూ కూర్చోండి. "750 ఇస్తాం. దేనికెంత పెడతావో నీ ఇష్టం. మిగిలితే నీదే, చాలకపోతే నువ్వు సంపాదించినదాంట్లోంచి వేసుకో" అని చెప్పి, ఆ మొత్తాన్ని ఆమె డెబిట్ కార్డు ఖాతాలో వేసేయండి. డబ్బు తనదనుకున్న క్షణం నుంచి బేరం ఆమే ఆడుతుంది. ఈ మాట దుకాణానికి వెళ్లకముందే జరగాలి. అద్దం ముందు గౌను వేసుకుని మురిసిపోతున్న పిల్లతో బడ్జెట్ మాట్లాడటం ఏ తల్లి వల్లా కాదు.

అసలు బరువంతా గౌనుదే. మీ ఊళ్లో 8.25 శాతం అమ్మకపు పన్ను ఉంది కాబట్టి 600 గౌను బిల్లు దగ్గర 649.50 అవుతుంది. (న్యూజెర్సీలో ఉన్నవాళ్లకు బట్టల మీద ఈ పన్ను లేదు.) నిరుడు ప్రామ్‌కు వెళ్లిన అమ్మాయిల గౌన్లు ఒక్కసారే వేసి అలమరాల్లో ఉంటాయి. తెలిసినవాళ్లను అడగమనండి, పాత బట్టల వెబ్‌సైట్లలో వెతకమనండి. అద్దెకూ దొరుకుతాయి. ఏది కొన్నా, సరిచేయడానికి ఎంతవుతుందో ముందే అడగాలి. పూసలు కుట్టిన అంచును పొట్టి చేయడానికి మామూలు అంచుకన్నా ఎక్కువ తీసుకుంటారు. చౌకగా వచ్చిందనుకున్న గౌను అక్కడే ఖరీదవుతుంది. ఫొటోలు మాత్రమే చూపించే, పేరు తెలియని వెబ్‌సైట్ల జోలికి పోవద్దు. వచ్చేది వేరు, వాపసు ఉండదు.

ఓణీల ఫంక్షన్‌కు కుట్టించిన లెహంగా ఇంట్లో ఉంటే ఒకసారి చూపించండి. ప్రామ్‌కు లెహంగాతో వెళ్లే మన అమ్మాయిలు ఉన్నారు. జాకెట్టు వదులు చేయిస్తే సరిపోవచ్చు. కానీ తను వద్దంటే రెండోసారి అడగకండి. ఇష్టంలేని బట్టతో వెళ్లిన రాత్రి జీవితాంతం గుర్తుంటుంది.

లిమోజీన్ బదులు ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు తమ ఏడు సీట్ల కార్లలో దింపితే 140 మిగులుతాయి. మేకప్ స్నేహితురాళ్లు ఒకరికొకరు వేసుకుంటే అదే ఒక పండగ. తర్వాతి పార్టీ విషయంలో మాత్రం డబ్బుకన్నా భద్రత ముందు చూడండి. కొన్ని స్కూళ్లలో తల్లిదండ్రుల సంఘాలే మద్యం లేకుండా రాత్రంతా ఆటలతో కార్యక్రమం పెడతాయి. మీ స్కూల్లో ఉందేమో కనుక్కోండి.

అబ్బాయిల తల్లిదండ్రులకూ ఒక మాట: టక్సీడో (ఇలాంటి వేడుకలకు వేసుకునే ప్రత్యేక సూటు) అద్దె కట్టేముందు ఒక మంచి నల్ల సూటు ధర చూడండి. తేడా కొద్దిగానే ఉంటే సూటే కొనండి, ఇంటర్వ్యూలకూ పనికొస్తుంది.

చాలా స్కూళ్లలో తేదీ దగ్గరపడేకొద్దీ టికెట్ ధర పెంచుతారు. ఆ ఒక్కటి మాత్రం ఈ వారమే కొనేయమనండి.