ఎడిన్‌బరాలో పన్ను సరే, కూకట్‌పల్లి ఫ్లాట్ సంగతేంటి?

ప్రశ్న: మాంచెస్టర్‌లో వర్క్ వీసా మీద సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్నాను. జీతం ఏడాదికి 60,000 పౌండ్లు. అదే జీతానికి ఎడిన్‌బరాలో ఆఫర్ వచ్చింది. స్కాట్లండ్‌లో పన్ను ఎక్కువని స్నేహితులు భయపెడుతున్నారు. నా భార్య ఉద్యోగం చేయడం లేదు. పాపకు మూడేళ్లు నిండాయి. అక్కడ ఇల్లు కొనాలని ఉంది. కూకట్‌పల్లిలో నా పేరున 80 లక్షల ఫ్లాట్ ఉంది, అద్దెకిచ్చాం. వెళ్లొచ్చా?

జవాబు: పన్ను ఎక్కువన్న మాట నిజమే. జీతం మీద పన్ను శ్లాబులను అక్కడ స్కాటిష్ పార్లమెంటే నిర్ణయిస్తుంది. 2025-26 లెక్కల ప్రకారం 43,662 పౌండ్లు దాటిన భాగం మీద 42% పడుతుంది. ఇంగ్లండ్‌లో 50,270 దాటాకే 40%. ఆ లెక్కన మీ జీతానికి తేడా ఏడాదికి దాదాపు 1,780 పౌండ్లు, నెలకు 148. దీనికి టెన్షన్ పడకండి. కంపెనీలో శాలరీ శాక్రిఫైస్ పద్ధతి (జీతంలో కొంత వదులుకుంటే కంపెనీయే దాన్ని నేరుగా పెన్షన్‌లో వేయడం) ఉంటే పెన్షన్‌లో ఏడాదికి 5,000 వేయండి. పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (జీతంలోంచి కోసుకునే సామాజిక భద్రత చందా) కలిపి 2,200 మిగులుతుంది, అంటే మీ చేతి నుంచి పోయేది 2,800 మాత్రమే.

పైగా అక్కడ పాపకు ఏడాదికి 1,140 గంటల నర్సరీ ఉచితం. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగం చేయాలన్న షరతు లేదు. ఇంగ్లండ్‌లో మీ పరిస్థితికి వచ్చేది 570 గంటలే. ఇప్పటి నర్సరీ బిల్లు పక్కన పెట్టుకుని చూస్తే ఆ 1,780లో ఎంత తిరిగొస్తుందో తెలుస్తుంది. కాకపోతే ఇది పాప బడిలో చేరేదాకానే. మందుల చీటీకి ఇంగ్లండ్‌లోలాగా ఒక్కో మందుకు 9.90 పౌండ్లు కట్టే పని కూడా ఉండదు. స్కాట్లండ్‌లో యూనివర్సిటీ ఫీజు ఉండదని చెప్పుకునే మాటను మాత్రం ఇప్పుడే లెక్కలో వేసుకోకండి. దానికి వీసా స్థితి, నివాస కాలం చూస్తారు.

నాకు నిజంగా బెంగగా ఉన్నది ఇల్లు గురించే. ప్రపంచంలో ఎక్కడైనా మీకు 40,000 పౌండ్లకు తగ్గని ఇల్లు ఉంటే, స్కాట్లండ్‌లో కొనే ఇంటిని రెండో ఇల్లుగా లెక్కగట్టి మొత్తం ధర మీద 8% అదనపు పన్ను వేస్తారు. మీ 80 లక్షల ఫ్లాట్ ఆ పరిమితి దాటేదే. 2,50,000 పౌండ్ల ఇంటికి అది 20,000. మామూలు రిజిస్ట్రేషన్ పన్ను దీనికి వేరు. ఇంగ్లండ్‌లోనూ ఇలాంటిది ఉంది కానీ 5 శాతమే. ఫ్లాట్‌ను భార్య పేరుకు మార్చినా ప్రయోజనం లేదు, దంపతులను ఒక్కటిగానే చూస్తారు.

కాబట్టి ఉద్యోగంలో చేరండి, ఇల్లు మాత్రం వెంటనే కొనకండి. ఒకట్రెండేళ్లు అద్దెకుండి, కూకట్‌పల్లి ఫ్లాట్ ఉంచుకోవాలా అమ్మాలా తేల్చుకోండి. ఏది తేల్చుకున్నా, కొత్త ఇంటికి అడ్వాన్సు కట్టకముందే అక్కడి సొలిసిటర్‌కు (ఇంటి కొనుగోలు చూసే లాయరుకు) ఆ ఫ్లాట్ సంగతి తప్పకుండా చెప్పండి.