అక్కని అడగండి: కార్డు మీద వస్తుంది, పేపర్లో రాదు

ప్రశ్న: అక్కా, నేను హైదరాబాద్‌లో నర్సుగా చేస్తున్నా, జపాన్‌లో కేర్‌గివర్ పనికి వెళ్దామని జపనీస్ భాషా పరీక్ష ఎన్4కి చదువుతున్నా. ఫోన్‌లో అంకీ అనే కార్డుల యాప్ వేసుకుని ఎవరో చేసి పెట్టిన రెండు వేల కంజి (జపాన్ వాళ్ళ బొమ్మ అక్షరాలు) కార్డుల కట్ట దింపుకున్నా, రోజుకి 20 కొత్తవి. రెండు నెలలు బాగానే నడిచింది, మధ్యలో మా చెల్లి పెళ్ళి వచ్చి పన్నెండు రోజులు ముట్టుకోలేదు, ఇప్పుడు తెరిస్తే 900 కార్డులు రివ్యూకి ఉన్నాయంటోంది, చూస్తేనే భయమేస్తోంది. ఇంకోటేంటంటే కార్డు మీద చూస్తే టక్కున చెప్పేస్తా గానీ మోడల్ పేపర్లో అదే కంజి వస్తే ఎక్కడో చూసిన మొహంలా ఉంటుంది తప్ప గుర్తురాదు. మొత్తం డిలీట్ చేసి మళ్ళీ మొదలెట్టనా? మా అమ్మయితే ఇంకా ఆ గంజి చదువు అవ్వలేదా అంటోంది.
(ఓ పాఠకురాలు, హైదరాబాద్)

జవాబు: డిలీట్ మాత్రం చెయ్యకు చెల్లీ, రెండు నెలల కష్టం అది. 900 గొడవ చిన్నదే, ముందు అది తేల్చేద్దాం. సెట్టింగ్స్‌లోకి వెళ్ళి కొత్త కార్డులు సున్నా పెట్టు, రివ్యూలు రోజుకి 100 దాటకుండా లిమిట్ పెట్టు, ఆ వంద అవ్వగానే ఫోన్ పక్కన పడేసి డ్యూటీకి పో. తప్పినవి మళ్ళీ వస్తుంటాయి కాబట్టి తొమ్మిది రోజుల్లో అయిపోతుందనుకోకు, మూడు వారాలైనా పట్టొచ్చు, పట్టనీ. అది తేలాక కూడా రోజుకి 20 వద్దు. అంకీలో మొదట్నుంచీ ఉండేది ఆ 20 అంకే కాబట్టి అందరూ అలాగే వదిలేస్తారు గానీ ఈ రోజు వేసుకున్న 20 రేపు, నాలుగు రోజులకి, పది రోజులకి వడ్డీలాగ తిరిగొస్తూనే ఉంటాయి కదా, నాకైతే రెండో నెలకే రోజూ 150 దాటిపోయేవి. ఎనిమిదో పదో చాలు. ఇంకో మాట, కార్డు రానప్పుడు మొహమాటానికి హార్డ్ బటన్ నొక్కుతున్నావేమో చూసుకో. హార్డ్ అంటే కష్టపడ్డా గానీ గుర్తొచ్చింది అని అర్థం, అంకీ దాన్ని పాసైనట్టే లెక్కేసుకుంటుంది. రాకపోతే ఎగైన్ బటనే నొక్కాలి.

ఇక అసలు సంగతి, పేపర్లో ఎందుకు రావట్లేదు అంటే నీ కార్డు మీద ఒట్టి కంజి ఉంది, వెనక దాని అర్థం ఉంది, అంతే కదా? పేపర్లో కంజి అలా ఒంటరిగా ఎప్పుడు వస్తుంది చెప్పు. మనం గ్లాసులో పోసుకునేవి నీళ్ళు, కానీ నీళ్ళపాతం అనం, జలపాతం అంటాం, జలాశయం అంటాం. ఇప్పుడు నీళ్ళు, జలం రెండింటికీ కలిపి ఒకే బొమ్మ ఉందనుకో, ఒంటరిగా ఉంటే నీళ్ళు అని చదువు, పక్కన ఇంకో బొమ్మ చేరితే జల అని చదువు. జపాన్ వాళ్ళు సరిగ్గా ఇదే చేస్తున్నారు. మనకి సంస్కృతం ఎలాగో వాళ్ళకి చైనా భాష అలాగ, సొంత మాట ఒకటి, తెచ్చుకున్న మాట ఒకటి, రెండింటికీ అక్షరం మాత్రం ఒక్కటే. నీళ్ళ బొమ్మ ఒంటరిగా ఉంటే మిజు, బుధవారంలో సుయి అయ్యి సుయియోబి, నల్లా నీళ్ళు సుయిదో. నీ పనిలో రోజూ వచ్చేది చూడు, ఒళ్ళు అంటే కరదా, ఒంటి టెంపరేచర్ రాసేటప్పుడు అదే బొమ్మ తాయిఒన్‌లో తాయి అవుతుంది. ప్రతిసారీ ఇలాగే ఉంటుందని కాదు, ఎదురు తిరిగేవీ ఉన్నాయి, కానీ ఎక్కువసార్లు ఇంతే.

అందుకని కార్డు మీద కంజి రాయకు, మాట రాయి, వీలైతే ఆ మాట ఉన్న చిన్న వాక్యం రాయి. వెనకవైపు చదవడం ఎలాగో, అర్థం ఏంటో, రెండే. కొంతమంది ఉన్న రీడింగులన్నీ ఒకే కార్డు వెనక కుక్కుతారు, అందులో ఒకటొచ్చి మూడు రాకపోతే పాసా ఫెయిలా నీకే తెలీదు. ఉదాహరణకి కుసురి ఓ నోమిమాషితా, మందు వేసుకున్నారు అని. జపనీస్‌లో మందు తాగడమే, మాత్రయినా సరే తాగారా అనే అడుగుతారు, మన దగ్గర మందు తాగారా అంటే వేరే కథ, అక్కడ నర్సు డ్యూటీయే అది. ఆ నవ్వుకే నీకు కార్డు గుర్తుండిపోతుంది. ఆ మందు కంజి విడదీసి చూడు, పైన గడ్డి, కింద సుఖం. ఆకు పసరు తాగితే ఒళ్ళు కుదుటపడింది అనుకో, ఇక మర్చిపోవు. అలాగని 2000 కార్డులూ తిరగరాయకు, పదే పదే తప్పుతున్నవి మాత్రం తీసి కొత్తగా రాసుకో. ఎనిమిదిసార్లు మర్చిపోయిన కార్డుకి అంకీయే లీచ్ అని ముద్ర వేస్తుంది, లీచ్ అంటే జలగ, పేరు భలే పెట్టారు, అవి వెతికి పట్టుకో చాలు.

జలగలు ఎక్కువగా ఒకేలా ఉండే కంజిల్లోనే ఉంటాయి. నా ప్రాణం తీసింది గుడి కుటుంబం. కుడిపక్కన గుడి బొమ్మ, ఎడమపక్కన మారుతూ ఉంటుంది. ఎడమపక్క అడుగులు ఉంటే ఎదురుచూడటం, చెయ్యి ఉంటే పట్టుకోవడం, సూర్యుడుంటే సమయం, ఆవుంటే ప్రత్యేకం, మనిషుంటే సమురాయ్. విడివిడి కార్డులుగా వేసుకుంటే ఆరు నెలలైనా కలిసిపోతూనే ఉంటాయి. నేను నాగోయా వెళ్ళిన కొత్తలో ఓ చిన్న హోటల్లో టికెట్ మెషీన్ దగ్గర నిలబడి, ఒక బటన్ మీద ఎదురుచూడటం, పక్కన తిరిగి రావడం అని చదివి, ఓహో ఆగితే చిల్లర తిరిగొస్తుందన్నమాట అని నొక్కేశా. అది ఎదురుచూడటం కాదు, పట్టుకోవడం, పట్టుకుని ఇంటికి పోవడం, మోచికాయెరి, పార్సిల్! మూత పెట్టిన డబ్బా చేతికిచ్చి దణ్ణం పెట్టి పంపేశారు, బయట వాన, ఆ మెట్ల మీదే కూర్చుని తిన్నా. ఆ రాత్రే కూర్చుని ఐదూ ఒకే కాగితం మీద రాసుకున్నా. గుడి ముందు అడుగులో అడుగేస్తూ క్యూ, అది ఎదురుచూడటం, తిరుమల వెళ్ళినోళ్ళకి వేరే చెప్పాలా. చేతిలో కొబ్బరికాయ, అది పట్టుకోవడం. గుడి మీదకి ఎక్కిన పొద్దు, టైం. గుడి ఆవుకి ప్రత్యేక మర్యాద. గుడి కాపలా మనిషి సమురాయ్. ఇంగ్లీషులో ఎవరో రాసిపెట్టిన కథలు బట్టీపడితే ఆ కథ గుర్తుపెట్టుకోవడానికి ఇంకో కథ కావాలి, కాబట్టి నీ కథ నువ్వే అల్లుకో.

ప్రశ్న: మేడం, మా బాబు ఏడో తరగతి, జపనీస్ కార్టూన్ల పిచ్చితో అక్షరాలు నేర్చుకుంటానంటున్నాడు. ఫోన్ చేతికివ్వడం నాకిష్టం లేదు. కాగితం కార్డులతో అవుతుందా?
(ఓ తల్లి, కాకినాడ)

జవాబు: భేషుగ్గా అవుతుందండీ, జపాన్ పిల్లలు ఇప్పటికీ వాడతారు. వేలెడంత కార్డులు ఓ రింగుకి గుచ్చి అమ్ముతారు అక్కడ. మీరు కొనక్కర్లేదు, ఇంట్లో పాత శుభలేఖలు ఉంటాయి కదా, మందంగా ఉంటాయి, వెనక ఖాళీ ఉన్నవి చూసి అగ్గిపెట్టెంత ముక్కలు కోసి మూల చిల్లు పొడిచి దారం కట్టండి. ముందు కంజి జోలికి పోకుండా హిరగానా, అంటే వాళ్ళ మామూలు అక్షరాలు, చెయ్యమనండి. వాళ్ళ వరస అ ఇ ఉ ఎ ఒ, తర్వాత క స త న హ మ య ర వ, బౌద్ధంతో పాటు వెళ్ళిన సంస్కృత వర్ణమాలని బట్టి పెట్టుకున్న వరసే కాబట్టి మన పిల్లలకి కొత్తగా అనిపించదు. ఆ తర్వాత ఐదు అగ్గిపెట్టెలు వరసగా పెట్టండి. వచ్చిన కార్డు తర్వాతి పెట్టెలోకి, రానిది ఎక్కడున్నా మొదటి పెట్టెలోకి. మొదటిది రోజూ, రెండోది రెండ్రోజులకోసారి, అలా పెంచుకుంటూ పోవడం. సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన 1972లో చెప్పిన పద్ధతి ఇది, ఫోన్లో యాప్‌లు చేసేదీ దీనికి దగ్గరగానే ఉంటుంది. ఒక్కటే జాగ్రత్త, కార్డులు ప్రతిసారీ కలిపెయ్యాలి, లేకపోతే వాడికి అక్షరం కాదు, వరస గుర్తుంటుంది, ఎక్కం మధ్యలోంచి అడిగితే మొదట్నుంచి చెప్పుకొచ్చే పిల్లల్లాగ.

ప్రశ్న: జపాన్‌లో బతకాలంటే 2136 కంజిలూ రావాలా? చేత్తో రాయడం కూడా నేర్చుకోవాలా?
(ఓ పాఠకుడు, వరంగల్)

జవాబు: 2136 అనేది 2010లో సవరించిన ప్రభుత్వ లిస్టు, అక్కడి పిల్లలే ఒకటో తరగతిలో 80తో మొదలెట్టి ప్రైమరీ స్కూల్ అయ్యేసరికి 1026 నేర్చుకుంటారు, మీకు ఒక్క ఏడాదిలో ఎందుకు తమ్ముడూ కంగారు. మొదటి మెట్టు పరీక్ష ఎన్5కి వంద, ఎన్4కి మూడొందలు అని కోచింగ్ వాళ్ళు చెప్పేది అంచనా మాత్రమే, 2010లో పరీక్ష మారాక అధికారిక లిస్టు ఇవ్వట్లేదు. పరీక్షలో చేత్తో రాసేది లేదు, నాలుగింట్లో ఒకటి ఎంచుకుని పెన్సిల్‌తో దిద్దడమే. కానీ అక్కడ దిగిన వారం నుంచీ వార్డు ఆఫీసులో, బ్యాంకులో ఫారాలు నింపాలి, పేరు కతకానాలో (విదేశీ మాటలు రాసే అక్షరాల్లో) రాసినా అడ్రస్ కంజిలో రాయాల్సొస్తుంది, కాబట్టి ఇల్లు ఖాయమయ్యాక ఆ ఊరి పేరు, పేట పేరు ఓ యాభై సార్లు రాసుకోండి, నేను మాత్రం మొదటి ఆర్నెల్లు అడ్రస్ చీటీ పర్సులో పెట్టుకుని చూసి రాసేదాన్ని.