వర్చువల్ ప్రపంచాలతో భాష నేర్పడం మన సర్కారు బడుల్లో అయ్యే పనేనా?

మేడమ్, మీ ప్రశ్న చదివాను. జడ్చర్ల దగ్గర హైస్కూల్లో ఇంగ్లీష్ చెప్తున్నారు, ఎనిమిది కంప్యూటర్లున్నాయి, నెట్ మీద భరోసా లేదు. బయటి దేశాల్లో వర్చువల్ ప్రపంచాల్లో, అంటే కంప్యూటర్‌లో తయారుచేసిన, మనం లోపల తిరిగినట్టుండే చోట్లలో, భాష నేర్పుతున్నారట, మన పిల్లలతో అది అయితదా అని అడిగారు. నేను దేవరకొండ వైపు జిల్లా పరిషత్ హైస్కూల్లో అదే సబ్జెక్టు చెప్తాను. మా పిల్లల్లో సగం మంది తండాల నుంచి వస్తారు. మూడేళ్లుగా చేస్తున్నాను కాబట్టి ధైర్యంగా చెప్తున్నా, అయితది. ఆ ప్రపంచాలు చూడటానికి కళ్లకు పెట్టుకునే హెడ్‌సెట్లు మాత్రం కొనకండి.

నేను కొన్నాను. ఫోన్ లోపల పెట్టి చూసే అట్ట కళ్లద్దాలు రెండు తెచ్చి, ఎనిమిదో తరగతిలో ఒకరి తర్వాత ఒకరికి పెట్టాను. సముద్రం అడుగు, మంచుకొండలు. ప్రతి ఒక్కరూ ‘అబ్బా’ అన్నారు, ‘అరే’ అన్నారు, పక్కవాళ్లకు ఇచ్చేశారు. ఒక పాపకు కళ్లు తిరిగాయి. పీరియడ్ అయిపోయింది, ఇంగ్లీషులో గానీ తెలుగులో గానీ ఒక్క పూర్తి వాక్యం పుట్టలేదు. ఇంటికొచ్చి ఆలోచిస్తే అర్థమైంది. అందరూ చూసింది ఒకటే అయినప్పుడు ఎవరు ఎవరికి ఏం చెప్పాలి?

ఈ సంగతి బడుల్లోకి కంప్యూటర్లు రాకముందే మన దక్షిణాదిలోనే తేల్చి చూపించారు. 1979 నుంచి 1984 దాకా ఇంగ్లీష్ బోధన మీద పనిచేసిన ఎన్.ఎస్. ప్రభు గారు బెంగళూరు, మద్రాసు, కడలూరు బడుల్లో వ్యాకరణ పాఠాలు పక్కన పెట్టి, మ్యాపులు, రైలు టైంటేబుళ్లు ముందు పెట్టి పిల్లలతో పనులు చేయించారు. ఒకరి దగ్గరున్న సమాచారం ఇంకొకరి దగ్గర లేకపోవడం ఆ పనుల్లో ఒక రకం. చెప్పకపోతే పని ఆగిపోతుంది, అందుకని పిల్లవాడు నోరు తెరుస్తాడు. వర్చువల్ ప్రపంచం నాకు పనికొచ్చింది ఈ ఒక్క కారణంతోనే. అందులో కట్టింది కళ్ల ముందు కనపడుతుంది, తప్పు చెప్తే గోడ తప్పు చోట లేస్తుంది. టీచర్ దిద్దాల్సిన పనే లేదు.

మీరు విన్నది బహుశా 2003లో మొదలైన సెకండ్ లైఫ్ లాంటి, నెట్‌లో అందరూ కలిసి తిరిగే ప్రపంచాల గురించి. దానికి గట్టి నెట్ కావాలి, లోపల అంతా ముక్కూమొహం తెలియని పెద్దవాళ్లు. మన పిల్లలకు వద్దు. నేను వాడేది లువాంటి. 2024 దాకా దాని పేరు మైన్‌టెస్ట్. మైన్‌క్రాఫ్ట్ లాగే దిమ్మెలతో కట్టుకునే ఆట, పైసా ఖర్చు లేదు, పాత కంప్యూటర్లలో కూడా నడుస్తుంది. ఒక కంప్యూటర్‌లో ఆట మొదలుపెట్టి మిగతావాటిని కేబుళ్లతో దానికి కలిపితే నెట్ అక్కర్లేదు. ఇంట్లో ఒకసారి డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తీసుకుపోండి. లోపల ఆడే గేమ్‌ను విడిగా దించుకోవాలి, అది మరవకండి. దిమ్మెలన్నీ తవ్వకుండానే చేతికొచ్చే క్రియేటివ్ మోడ్ పెట్టండి, లేకపోతే పిల్లలు రాళ్లు తవ్వుకుంటూనే గంట గడిపేస్తారు.

మొదట్లో చాట్‌లో రాయించాలనుకున్నాను. మా సిస్టంలలో తెలుగు ఒత్తులు విడిపోయి కనపడ్డాయి, దాంతో రాత మానేసి నోటితో చెప్పించాను. అదే మంచిదైంది. ఇద్దరు వీపులు ఆనించుకుని కూర్చుంటారు. ఒకరి చేతిలో కాగితం మీద బొమ్మ, ఇంకొకరి చేతిలో మౌస్. వేలు చూపించడానికి లేదు, ‘గిట్ల’, ‘గక్కడ’ పనిచేయవు. కుడి దిక్కా ఎడమ దిక్కా, ఎన్ని దిమ్మెలు, దేని మీద, దేని వెనక అన్నీ చెప్పాలి. ప్రిపొజిషన్ల పాఠం రెండు నెలలు చెప్పినా రానిది ఇక్కడ వారంలో వచ్చింది.

ఏం కట్టించాలన్నది అన్నిటికంటే ముఖ్యం. నల్గొండ దగ్గర పానగల్లులోని ఛాయా సోమేశ్వరాలయం మా పిల్లలు చాలామంది చూశారు. మూడు గర్భగుళ్లు ఒకే మండపంలోకి తెరుచుకుంటాయి, ఒకదాంట్లో లింగం వెనక గోడ మీద స్తంభం నీడ పగలంతా కదలకుండా ఉంటుంది. తొమ్మిదో తరగతి వాళ్లు పది పీరియడ్లలో కట్టారు. కట్టాక, నీడ పడలేదేంటని గొడవ. మా పాత కంప్యూటర్లలో ఆట నీడలు చూపించదు, ఆ సంగతి నేను వెంటనే చెప్పలేదు. స్తంభం జరిగిందని ఒకరు, ద్వారం చిన్నదైందని ఇంకొకరు. ఆ వాదనలో ‘బికాజ్’ అనే మాట ఎవరూ అడగకుండానే వచ్చి పడింది. ఏడాదంతా నోరు విప్పని ఒక తండా పిల్ల లేచి, ‘నో, ద పిల్లర్ ఈజ్ కరెక్ట్, ద సన్ ఈజ్ రాంగ్’ అంది. ఆ రోజు నాకు ఇంటికి పోబుద్ధి కాలేదు.

తెలుగు టీచర్ చూసి, మా వాళ్లతో పాత పెంకుటిల్లు కట్టిద్దామన్నారు. అర్ర, దూలం, వాసాలు, గూన పెంకలు, బర్రెల కొట్టం, గోళెం పెట్టే చోటు. సగం మాటలు పిల్లలకు తెలియవు, ఇంట్లో ముసలోళ్లను అడిగి ఫోన్‌లో రికార్డు చేసుకొచ్చారు. తండా పిల్లలు అదే వస్తువుకు లంబాడీ మాట చెప్పారు, మేం ఇంగ్లీష్ మాట చెప్పాం. గోడ మీద మూడు వరుసల పట్టిక తయారైంది. 2022-23 నుంచి మన బడులు ఇంగ్లీష్ మీడియం అయ్యాయి కదా, ఇంటి భాష, దోస్తుల భాష, పుస్తకం భాష మూడూ ఒకే పిల్లవాడి నెత్తిన ఉన్నాయి. ఆ మూడింటినీ ఒకచోట కూర్చోబెట్టిన పాఠం నాకు ఇదొక్కటే దొరికింది.

వాయిస్ టైపింగ్ గురించి ఒక మాట. ఫోన్‌లో తెలుగులో చెప్తే రాస్తుంది, 2017 నుంచి ఉంది, వాడండి. కానీ మన యాసలో అవ్వ చెప్పిన మాటను అది వేరేగా రాస్తే, మాటే తప్పని పిల్లలు అనుకుంటారు. మా దగ్గర అట్లా అనుకున్నారు. మెషీన్‌కు ఆ మాట ఇంకా రాదని, వెంటనే, గట్టిగా చెప్పండి.

మీకైతే కట్టించడానికి మహబూబ్‌నగర్ దగ్గరి పెద్ద మర్రిచెట్టు, పిల్లలమర్రి, ఉండనే ఉంది. ఎనిమిది కంప్యూటర్లు, కంప్యూటర్‌కు నలుగురు చొప్పున, ఇద్దరు చెప్పేవాళ్లు, ఒకరు కట్టేవాళ్లు, ఒకరు వచ్చిన మాటలు నోట్‌బుక్‌లో రాసేవాళ్లు. పది నిమిషాలకోసారి చోట్లు మార్చండి, లేకపోతే మౌస్ మగపిల్లల చేతిలోనే ఉండిపోతుంది. కరెంటు పోతే కట్టింది పోతుందేమోనన్న భయం వద్దు, ఆట దానంతటదే సేవ్ చేసుకుంటూ ఉంటుంది. ఊడలను ఇంగ్లీషులో ఏమంటారని పిల్లలు అడిగినప్పుడు ఓ ఐదు నిమిషాలు ఆగండి. ఆ మాట లేకుండా ఎట్లా చెప్పుకుంటారో వినండి, విన్నవి ఇక్కడ రాయండి, మా పిల్లలకు చదివి వినిపిస్తాను.