45 శాతం ఎక్కువ జీతం, మనసు లేని పని: వెళ్ళాలా, ఉండాలా?

ప్రశ్న: నా వయసు 36. మాటలు ఆలస్యంగా వచ్చే పిల్లలకు స్పీచ్ థెరపిస్ట్‌గా తొమ్మిదేళ్ళుగా ఒకే సెంటర్‌లో పనిచేస్తున్నాను. ఈ పని అంటే నాకు ప్రాణం. ఇప్పుడు ఒక పెద్ద ఆసుపత్రుల సంస్థ నుంచి మేనేజర్‌గా ఆఫర్ వచ్చింది. జీతం 45 శాతం ఎక్కువ. అందులో 35 శాతం నెలనెలా వచ్చేది, మిగతా 10 శాతం ఏడాది చివర ఇచ్చే వేరియబుల్ పే. అక్కడ పిల్లలతో కూర్చునే పని ఉండదు. రిపోర్టులు, టార్గెట్లు, మీటింగులే. ఇప్పుడు పని, ప్రయాణం కలిపి నాకు వారానికి 46 గంటలు పడుతున్నాయి. అక్కడైతే 66 అవుతాయి. పాపకు ఐదేళ్ళు. మావారి జీతం దాదాపు అంతా ఇంటి లోన్ ఈఎంఐకే పోతుంది. నా జీతంలో నూటికి 88 ఇంటి ఖర్చులు, 12 మిగులు. రెండు నెలల ఖర్చుకు సరిపడా మాత్రమే దాచాం. మావారు వెళ్ళమంటున్నారు. వద్దంటే స్వార్థం అవుతుందేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ స్వార్థం అన్న మాట పక్కన పెట్టండి. మీరు ఇల్లు నడిపే జీతం తెస్తున్నారు. నచ్చిన పని చేస్తూ ఆ జీతం తేవడం తప్పేమీ కాదు. అలాగని తృప్తి ఉంది కదా అని లెక్క చూడకుండా ఆఫర్ కాదనుకోవడమూ సరికాదు. రెండు నెలల ఖర్చు మాత్రమే చేతిలో ఉన్న ఇంటికి డబ్బు అవసరం నిజంగానే ఉంది. కాబట్టి ముందు ఆ 45 శాతంలో మీకు ఎంత మిగులుతుందో చూద్దాం.

మీకు ఇప్పుడు చేతికొచ్చే జీతం 100 అనుకుందాం. వేరియబుల్ పేను ఈ లెక్కలోకి తీసుకోను. అది మీ పనితీరుతో పాటు సంస్థ లాభాల మీద, పైవాళ్ళ నిర్ణయం మీద కూడా ఆధారపడే డబ్బు. దాన్ని నమ్ముకుని ఇంటి బడ్జెట్ వేయకూడదు. వచ్చిన ఏడాది నేరుగా పొదుపులో వేసుకోవచ్చు. ఇక మిగిలింది 35. అది మొత్తం చేతికి రాదు. స్లాబుల వారీగా పన్ను వేసే చోట, ఇప్పటి జీతం మీద కొత్తగా చేరే ప్రతి రూపాయికీ మీ పై స్లాబు రేటే పడుతుంది. పన్ను, ఇతర కోతలు పోగా 25 చేతికొస్తుందనుకుందాం. రోజూ ఎక్కువ దూరం వెళ్ళి రావడానికి అయ్యే ఖర్చు, మీరు ఇంటికి చేరేదాకా పాపను చూసుకునే మనిషికి ఇచ్చే డబ్బు కలిపి 11 అనుకుంటే, మిగిలేది 14.

ఈ 14 కోసం మీరు వారానికి 20 గంటలు అదనంగా ఇస్తున్నారు. ఇప్పుడు 46 గంటలకు 100 వస్తోంది, అంటే గంటకు 2.17. కొత్తగా ఇచ్చే 20 గంటలకు వచ్చేది 14, అంటే గంటకు 0.7. మీ సమయంలో ఆ 20 గంటలను ఇప్పటి రేటులో మూడో వంతుకు అమ్ముతున్నారన్న మాట. ఆఫర్ లెటర్‌లో ఈ అంకె కనపడదు. 25, 11 అన్నవి నేను వేసిన అంచనాలు. మీ అసలు అంకెలు పెట్టి మీవారితో కూర్చుని ఈ లెక్క మళ్ళీ వేయండి. ఆయన 45 చూసి వెళ్ళమంటున్నారేమో. 14 చూశాక కూడా అదే మాట అంటే, అప్పుడు ఆ మాటకు బరువుంటుంది.

పని కష్టంగానో, నచ్చనిదిగానో ఉంటే దానికి కూలి ఎక్కువ ఇవ్వాల్సి వస్తుందని 1776లోనే ఆర్థికవేత్త ఆడమ్ స్మిత్ రాశారు. మీకు ఇస్తామంటున్న ఎక్కువ జీతంలో కొంత భాగం మీ ప్రతిభకు, కొంత భాగం మీరు వదులుకునే సుఖానికి. రెండోదానికి ఇస్తున్న ధర చాలా తక్కువగా ఉందన్నది నా అభిప్రాయం.

జీతం పెరిగితే కొత్త పని కూడా మెల్లగా నచ్చుతుందిలే అని కొందరు సర్దిచెప్పుకుంటారు. దాని మీద ఆశ పెట్టుకోకండి. పరిశోధకుడు టిమోతీ జడ్జ్, ఆయన సహచరులు అప్పటిదాకా వచ్చిన అధ్యయనాల నుంచి 92 నమూనాలను కలిపి చూసి 2010లో ఫలితాలు ప్రచురించారు. జీతం స్థాయికి, ఉద్యోగంలో తృప్తికి మధ్య కనిపించిన సంబంధం 0.15. పూర్తి సంబంధం ఉంటే అది 1 ఉండాలి. అయితే దీన్నిబట్టి డబ్బుతో సంతోషం రాదని తేల్చేయడమూ పొరపాటే. డేనియల్ కానెమన్, మాథ్యూ కిల్లింగ్స్‌వర్త్, బార్బరా మెల్లర్స్ 2023లో ప్రచురించిన పరిశోధన ప్రకారం, ఎక్కువ మందిలో ఆదాయంతో పాటు సంతోషం కూడా పెరుగుతూనే పోతుంది. అప్పుల భయం లేకపోవడం, జబ్బు చేస్తే చేయి చాచక్కర్లేకపోవడం చిన్న విషయాలు కావు. జీతం పనిని ఇష్టంగా మార్చదు గానీ, పని బయట ఉన్న బతుకును తేలిక చేయగలదు. మీ ఇంట్లో ఆ తేలిక ఎక్కడ కావాలన్నదే చూడాలి.

నాకు కనిపిస్తున్న లోటు అత్యవసర నిధి. మీ జీతం ఆగిపోతే ఆరు నెలలు ఇల్లు నడవాలంటే 88 చొప్పున 528 కావాలి. మీ దగ్గర 176 ఉంది. ఇంకా 352 చేర్చాలి. ఇప్పటి మిగులు 12తో అయితే 29 నెలలు దాటుతుంది. కొత్త ఉద్యోగంలో మిగులు 26 అవుతుంది, 14 నెలల్లోపే పూర్తవుతుంది. తేడా పెద్దదే. కానీ మూడో దారి ఒకటుంది, దాని గురించి మీరు రాయలేదు. ఇప్పటి సెంటర్‌లోనే పెంపు అడిగి, చేతికి 6 ఎక్కువ వచ్చేలా చేసుకుంటే మిగులు 18. అప్పుడు 20 నెలలు చాలు. పాపతో గడిపే వారానికి 20 గంటలు, మీకు ప్రాణమైన పని, ఈ రెండూ వదులుకుంటే మీకు కలిసొచ్చేది ఆరు నెలలు. నేనైతే ఆ ధర పెట్టను.

వెళ్ళడం వైపు బలమైన వాదన ఒకటి ఉంది, దాన్ని దాచను. జీతం పెంపు సాధారణంగా ఉన్న జీతం మీదే లెక్కిస్తారు. ఇప్పుడు తక్కువ దగ్గర ఆగిపోతే ఆ తేడా ఏళ్ళ తరబడి వెంటే వస్తుంది, రిటైర్మెంట్ పొదుపు మీద కూడా పడుతుంది. మీ సెంటర్‌లో ఏటా పెంపు 4 శాతం, ధరల పెరుగుదల 6 శాతం అయితే, ఇవాళ్టి 100 విలువ పదేళ్ళకు 83కు పడిపోతుంది. పని ఎంత నచ్చినా ఇది నెమ్మదిగా జరిగే జీతం కోతే. అందుకే గత ఐదేళ్ళ శాలరీ స్లిప్పులు తీసి, మీకు సగటున ఎంత పెంచారో చూడండి. ధరల కన్నా తక్కువ పెరిగి ఉంటే, ఈ ఆఫర్ కాదన్నా ఇంకో ఉద్యోగం వెతకక తప్పదు.

మీ తృప్తి దేని నుంచి వస్తోందో కూడా చూసుకోండి. థెరపీ గదిలో పిల్లల దగ్గర దొరికే తృప్తి అయితే అది మీ వృత్తిది, ఇంకో సెంటర్‌లోనూ దొరుకుతుంది. అలవాటైన మనుషులు, మంచి బాస్ వల్ల వచ్చేదైతే, బాస్ మారిన రోజున అది పోవచ్చు. దాని కోసం జీతం వదులుకోవడం నిలకడ లేని బేరం.

ఇక చేయాల్సింది. కొత్త సంస్థను జవాబుకు పది రోజులు గడువు అడగండి. ఈలోగా మీ సెంటర్ యాజమాన్యంతో మాట్లాడండి. ఆఫర్ చూపించి బెదిరించినట్టు కాకుండా, తొమ్మిదేళ్ళ అనుభవం, మీ దగ్గరకే రావాలని అడిగే తల్లిదండ్రుల సంఖ్య, మీరు తయారుచేసిన జూనియర్లు, ఇవి ఒక పేజీలో రాసి తీసుకెళ్ళండి. చేతికి 6 నుంచి 8 శాతం పెరిగేలా, జూనియర్ల శిక్షణ బాధ్యతతో సీనియర్ హోదా అడగండి. ఒప్పుకుంటే ఉండిపోండి, పెరిగిన డబ్బు మొత్తం జీతం పడిన రోజే వేరే ఖాతాలోకి వెళ్ళేలా ఆటో ట్రాన్స్‌ఫర్ పెట్టండి.

కుదరదంటే కొత్త సంస్థతో ఒక్కసారి బేరమాడండి. వారానికి రెండు రోజులు ఇంటి నుంచి పని, వారానికి ఒక రోజైనా థెరపీ సెషన్లు. ఇవి మాటగా కాకుండా ఆఫర్ లెటర్‌లో రాయించుకోండి. ఇస్తే ఏడాదిన్నర గడువు పెట్టుకుని వెళ్ళండి. ఆ 18 నెలలూ ఇంటి ఖర్చు 88 దగ్గరే ఉండాలి. కొత్త లోన్ వద్దు, ఉన్న ఇల్లు మారొద్దు. ఒకసారి పెరిగిన ఖర్చును తగ్గించడం ఎవరికైనా కష్టమే, ఈఎంఐ ఒక్కటి పెరిగినా థెరపీ గదికి తిరిగి వచ్చే దారి మూసుకుపోతుంది. మధ్యలో ఒక్క పిల్లవాడికైనా థెరపీ ఇస్తూ ఉండండి, తొమ్మిదేళ్ళలో వచ్చిన నైపుణ్యం చెయ్యి జారకుండా ఉంటుంది. అవి కూడా కుదరవంటే ఈ ఆఫర్ వదిలేసి, మీ వృత్తిలోనే ఇంటికి దగ్గరగా ఉన్న ఇంకో సెంటర్ కోసం ఇప్పటి నుంచే వెతకడం మొదలుపెట్టండి.