సమస్య నిజమైనదే అయినప్పుడు ఆందోళనను తగ్గించుకోవడం

అప్పు, ఉద్యోగభయం వల్ల రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదని మీరు రాశారు. ఆ సమస్యలు నిజమైనవే. కానీ ఆ నిద్రలేమికి అసలు కారణం, పరిష్కారం ఆలోచిస్తున్నామనుకుంటూ ఒకే ప్రశ్నను రాత్రంతా తిరగదోడటమే కావచ్చు.

1. ఆ చింతను కాగితంపై ఒక్క వాక్యంలో రాయండి.

2. చాలామంది వదిలేసే మెట్టు ఇది: దాని కింద మీ చేతిలో ఉన్న తదుపరి పనిని సమయంతో సహా రాయాలి. "అప్పు తీర్చాలి" అని రాస్తే మనసు ఊరుకోదు. "సోమవారం ఉదయం 11 గంటలకు బ్యాంకుకు ఫోన్ చేసి గడువు పెంచమని అడుగుతాను" అని రాస్తే, అప్పటివరకు ఆ విషయాన్ని పక్కన పెట్టడానికి మనసుకు ఒక ఆధారం దొరుకుతుంది.

3. చేయగలిగిందేమీ లేని చింతలకు సాయంత్రం 20 నిమిషాలు కేటాయించండి. పడుకునే ముందు మాత్రం వద్దు.

వారాల తరబడి నిద్ర పట్టకపోయినా, ఆకలి మందగించినా దయచేసి వైద్యుణ్ణి సంప్రదించండి. కారణం నిజమైనదైనా ఆందోళనకు చికిత్స పనిచేస్తుంది.